ప్రధాన గాయకునికి

కీర్తనల గ్రంథం తెరిచినప్పుడు చాలా కీర్తనల పైన చిన్న అక్షరాలతో ఒక వరుస కనిపిస్తుంది. మనలో చాలామందిమి దాన్ని చదవకుండానే మొదటి వచనంలోకి దిగిపోతాం. ఇది ప్రధాన గాయకునికి అప్పగించిన కీర్తన అని చెప్పే వరుస అది. 55 కీర్తనలకు ఉంది. రాసినవాడు దావీదు కావచ్చు, ఆసాపు కావచ్చు, కోరహు కుమారులు కావచ్చు. రాసి ఊరుకోలేదు, తీసుకెళ్లి ఒక మనిషి చేతిలో పెట్టారు. ఆ మనిషి పని ఏమిటి?

థియాలజీ డిప్లొమా చదివే రోజుల్లో నన్ను ఈ సందేహం వదిలేది కాదు. మొదటి దినవృత్తాంతములు 15వ అధ్యాయంలో మందసాన్ని తెచ్చేటప్పుడు లేవీయుల పాటకు కెనన్యా అనే ఆయన పెద్ద. ఆ పనిలో ఆయన నేర్పరి గనుక ఆ బాధ్యత ఇచ్చారు. 25వ అధ్యాయానికి వచ్చేసరికి పాటలో ఆరితేరినవారి లెక్క 288 అయింది. మైకు లేదు, సౌండు బాక్సుల్లేవు. మన సంఘాల్లో పన్నెండుమంది క్వయిరు ఒక్కసారిగా పల్లవి ఎత్తుకోలేక పోతున్నాం. హార్మోనియం ఒక శ్రుతిలో ఉంటే అక్కగార్లు మరో శ్రుతిలో ఉంటారు, తబలా అబ్బాయి అప్పటికే చరణంలో ఉంటాడు. మరి 288 మంది ఎలా కలిసి పాడారు?

ఒకరోజు మా ఉపాధ్యాయుల వారిని అడిగేశాను. ఆయన నవ్వి, సాయంత్రం తమ గదికి రమ్మని, ఒక పాత టేప్ రికార్డరులో క్యాసెట్టు పెట్టారు. బేతోవెన్ 9వ సింఫనీ, వాయించినవారు న్యూయార్క్ ఫిల్హార్మోనిక్ వాద్యబృందం, నడిపించినవారు జుబిన్ మెహతా. “ఇందులో అందరి చప్పుడూ వింటావు. వాయులీనాలు, బూరలు, డ్రమ్ములు, చివరికి గాయకులూ. ఒక్క మనిషి చప్పుడు మాత్రం వినపడదు. ఆయన లేకపోతే మిగతా చప్పుడంతా గోలే. మీ కెనన్యా ఆయనే అనుకో” అన్నారు.

ఆ సింఫనీ గురించి ఆయనే మరో సంగతి చెప్పారు. 1824లో వియన్నాలో దాన్ని మొదటిసారి వినిపించినప్పుడు బేతోవెన్‌కు చెవులు పూర్తిగా వినబడవు. జనం చప్పట్లు కొడుతున్నారన్న సంగతి కూడా ఆయనకు తెలియకపోతే, పాడిన స్త్రీలలో ఒకరు ఆయన్ని జనం వైపు తిప్పారట. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పాట సగమే అర్థమైంది, నిజం చెప్పాలంటే సగం కూడా కాదు. ఆ చప్పుడు లేని మనిషి మాత్రం మనసులో నిలిచిపోయాడు.

తర్వాత దొరికిన పుస్తకాల్లోనూ పేపర్లలోనూ ఆయన గురించి ఏరుకుని చదివాను. 1936లో బొంబాయిలో ఒక పార్సీ కుటుంబంలో పుట్టారు. తండ్రి మెహ్లీ మెహతా బొంబాయి సింఫనీ వాద్యబృందాన్ని నిలబెట్టిన వయొలిన్ విద్వాంసుడు. కొడుకును డాక్టరు చదువులో వేశారు గాని మనసు అక్కడ నిలవలేదు. 1954లో వియన్నా వెళ్లి సంగీతం నేర్చుకున్నారు. 1958లో ఇంగ్లండులోని లివర్‌పూల్ పోటీలో నెగ్గారు. అక్కడి నుండి మాంట్రియల్, లాస్ ఏంజిల్స్, న్యూయార్క్. ఇశ్రాయేలు ఫిల్హార్మోనిక్‌తో ఆయన బంధం దాదాపు అర్ధ శతాబ్దం సాగి 2019లో ముగిసింది. అంత తిరిగినా భారత పౌరసత్వాన్ని వదులుకోలేదు. మన ప్రభుత్వం 1966లో పద్మభూషణ్, 2001లో పద్మవిభూషణ్ ఇచ్చింది.

కాని నన్ను కట్టిపడేసినవి ఈ బిరుదులు కావు. 1991 గల్ఫ్ యుద్ధం రోజుల్లో యెరూషలేములో ఆయన కచేరీ నడిపిస్తుండగా క్షిపణుల సైరన్ మోగింది. జనం విషవాయువుకు ముసుగులు తగిలించుకుని కూర్చున్నారు. ఐజాక్ స్టెర్న్ అనే వయొలిన్ విద్వాంసుడు ఒంటరిగా వేదిక మీదికి వచ్చి బాఖ్ సంగీతం వాయించాడు. 1994 జూన్‌లో మెహతా సరయేవో వెళ్లారు. యుద్ధంలో కాలిపోయిన జాతీయ గ్రంథాలయం మొండిగోడల మధ్య, ఆ ఊరి వాద్యబృందంతో, ఆ ఊరి గాయకులతో మొజార్ట్ రాసిన మృతుల ఆరాధన సంగీతాన్ని వినిపించారు. దుఃఖం ఉన్న చోటికి పనిగట్టుకుని వెళ్లే మనిషి అని నాకనిపించింది. మన కాపరులకు ఉండవలసిన అలవాటు కదా అది!

“ఆయన మనవాడు కాదు కదా, పార్సీ కదా, దేవుని సేవకుడికి ఆయనతో పనేమిటి?” అని ఒక పెద్దాయన నన్ను అడిగారు. ఆయనకు నేను చెప్పిన జవాబు ఇక్కడ కూడా రాస్తున్నాను. పార్సీలు శతాబ్దాల క్రితం పారసీక దేశం నుండి గుజరాతు తీరానికి వచ్చినవారు. చెరలో ఉన్న యూదులను ఇంటికి పంపిన కోరెషు రాజు ఏ దేశపువాడో ఎజ్రా గ్రంథం మొదటి అధ్యాయం చూడండి. పెద్దాయన ఇంకేమీ అనలేదు, ఒప్పుకున్నారని మాత్రం నేననను.

ఇప్పుడు మా అమ్మ సంగతి చెప్పాలి.

1977 నవంబర్ 19, శనివారం. దివిసీమ ఉప్పెన గురించి ఈ పత్రిక చదివే కృష్ణా జిల్లా కుటుంబాలకు నేను చెప్పనక్కర లేదు. సముద్రం తాటిచెట్టంత లేచి కోడూరు, నాగాయలంక వైపు పల్లెల మీద పడింది. ప్రభుత్వ లెక్కల్లోనే సుమారు పదివేలమంది పోయారు. అప్పటికి మావాళ్లు కోడూరు అవతల ఉండేవారు. నేను పుట్టలేదు. నాకు నాలుగేళ్ల అక్క ఉండేది. అమ్మ తుమ్మచెట్టును వాటేసుకుని బతికింది, ఒళ్లంతా ముళ్లు దిగాయి. చంకలో ఉన్న పాప ఏ నీటికి జారిపోయిందో అమ్మకే తెలియదు. తర్వాత నాన్న అక్కడ ఉండలేక గుడ్లవల్లేరు వైపు పనికి వచ్చేశాడు. నేను పుట్టింది ఇక్కడే.

ఉప్పెనకు ముందు అమ్మ వాళ్ల సంఘంలో కంజీర పట్టుకుని స్త్రీలందరినీ పాడించేదట. పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు రాగం తప్పకుండా వచ్చేవట. “అట” అనే ఎందుకంటున్నానంటే, నేనెన్నడూ వినలేదు. గుడిలో అమ్మ ముందు వరుసలో చాప మీద కూర్చునేది. అందరూ పాడేటప్పుడు పెదవులు మూసుకుని ఉండేది. పాటల పుస్తకం ఒళ్లో తెరిచే ఉండేది. పేజీ కూడా సరిగ్గానే తిప్పేది. గొంతు మాత్రం రాదు.

థియాలజీలో చేరిన మొదటి సంవత్సరం సెలవులకు వచ్చి నేనొక తప్పు చేశాను. ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. “అమ్మా, రేపు నేను కాపరినవుతాను. కాపరి తల్లి నోరు మూసుకుని కూర్చుంటే జనం ఏమనుకుంటారు? దేవుని మీద అలిగినట్టు ఉంటుంది” అన్నాను. అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. తలెత్తలేదు. “నీకు తెలియదులేరా అబ్బాయ్” అంది. అంతే. ఆ తర్వాత ఆ మాట నేనూ ఎత్తలేదు, కాని లోపల చిరాకు పోలేదు.

2004 డిసెంబర్ 26 ఆదివారం. క్రిస్మస్ మర్నాడు. మేము ఆరాధనలో ఉండగానే బందరు వైపు సముద్రం పొంగిందన్న కబురు ఊళ్లో పాకింది. ఆ రోజు పౌర్ణమి. సముద్ర స్నానాలకు మంగినపూడి వెళ్లినవారిలో కొందరు తిరిగి రాలేదు. మన రాష్ట్రంలో వందమందికి పైగా, తమిళనాడులో ఏడువేలమందికి పైగా పోయారు. ఆ రోజు అమ్మ ఇంట్లో దీపం పెట్టలేదు. ఆ రాత్రి గడప దగ్గర తూర్పు వైపు చూస్తూ కూర్చుంది. మేము ఉండేది సముద్రానికి చాలా దూరంలో. అయినా కూర్చుంది.

మరుసటి ఏడు క్రిస్మస్ ఆదివారం వచ్చింది. మద్రాసులో మామయ్య కూతురి నిశ్చితార్థం బుధవారమని కబురు. పేరు చెన్నై అని ఎప్పుడో మారినా మావాళ్లకది మద్రాసే. మామయ్య పెరంబూరులో రైలు పెట్టెల కర్మాగారంలో పని చేసేవాడు. అమ్మ రానంది. సముద్రం ఉన్న ఊరికి ఆమె అడుగు పెట్టదు, బందరు కూడా వెళ్లదు. నేనొక్కడినే ఆదివారం ఆరాధన ముగించుకుని గుడివాడలో సర్కారు ఎక్స్‌ప్రెస్ ఎక్కాను.

సోమవారం పొద్దున ఇడ్లీ తింటుంటే మామయ్య అన్నాడు: “ఏరా, ఎవరో పార్సీ ఆయన, కర్ర ఊపే ఆయన అని ఎప్పుడూ చెబుతుంటావే, ఆయన ఇవాళ మ్యూజిక్ అకాడమీలో ఉన్నాడు. మా సంఘంలో ఆర్గన్ వాయించే పెద్దాయనకి ప్రవేశపత్రం దొరికింది. మోకాళ్ల నొప్పి, వెళ్లలేనంటున్నాడు. నువ్వు వెళతావా?”

ఇడ్లీ గొంతు దిగలేదు.

2005 డిసెంబర్ 26, సునామీకి సరిగ్గా ఏడాది. ఆ జ్ఞాపకార్థం జర్మనీ దౌత్య కార్యాలయం, మాక్స్ ముల్లర్ భవన్ కలిసి ఏర్పాటు చేసిన కచేరీ అది. మ్యూనిక్ నగరపు బవేరియా రాష్ట్ర వాద్యబృందం వచ్చింది. అప్పటికి మెహతాయే దానికి సంగీత సారథి. మద్రాసు మ్యూజిక్ అకాడమీ అంటే 1928 నుండి కర్ణాటక సంగీతానికి పెద్ద పేరు. డిసెంబరు నెల అక్కడ త్యాగరాజ కీర్తనల నెల. అలాంటి చోట జర్మనీ వాళ్ల వయొలిన్లు! నేను మామయ్య తెల్ల చొక్కా వేసుకుని, కాస్త వదులైనా సరే, వెనక వరుసల్లో కూర్చున్నాను.

వాద్యబృందాన్ని ఎన్నడూ చూడనివారికి నాలుగు మాటలు. ముందు వరుసల్లో వయొలిన్లు, వాటి కన్నా పెద్దవి, ఇంకా పెద్దవి, మనిషెత్తు ఉన్నవీ ఉంటాయి. మధ్యలో పిల్లనగ్రోవి జాతి వాద్యాలు. వాటి వెనక ఇత్తడి బూరలు. అన్నిటికీ వెనక నగారాల వంటి డ్రమ్ములు. ప్రతివాని ముందూ ఒక స్టాండు, దాని మీద కాగితాలు. ఆ కాగితంలో వాని వంతు మాత్రమే ఉంటుంది. మొత్తం పాట ఎవరి కాగితంలోనూ ఉండదు. అంతా ఎరిగినవాడు ఎదురుగా నిలబడిన ఆ ఒక్కడే.

ఆయన వచ్చారు. అప్పటికి దాదాపు డెబ్భై ఏళ్లు. నిటారుగా నడిచి వచ్చి, మాకు నమస్కరించి, వెనక్కి తిరిగారు. ఇక నాకు కనిపించింది ఆయన వీపే. ఇదొక వింత. పేరున్న మనిషి, జనం ఆయన్ని చూడడానికే వచ్చారు, ఆయనేమో జనానికి వీపు పెట్టి పని చేస్తున్నాడు. (మనం మైకు పట్టుకుని జనం వైపే చూస్తూ పాడే పాటల గురించి నేనిక్కడ ఏమీ అనను.)

చేతులెత్తారు. ఇంకా ఏ వాద్యమూ మోగలేదు. ఆ కాసేపట్లో హాలంతా ఊపిరి బిగబట్టింది. కుడిచేతిలోని సన్నటి కర్ర కాలం కొలుస్తుంది, మనం తొడ మీద తాళం వేసినట్టు. ఎడమచేయి వేరే మాట్లాడుతుంది: మెల్లగా, ఇంకా మెల్లగా, ఇప్పుడు నువ్వు, చాలు. అన్ని కమాన్లూ ఒకే వైపు కదిలాయి, గాలికి వరిచేను వాలినట్టు.

నా కన్ను మాత్రం వెనక వరుసలో ఒక మనిషి మీద పడింది. డ్రమ్ముల దగ్గర కూర్చున్న ఆయన. ముందరివాళ్లు చెమటలు పట్టేలా వాయిస్తున్నారు. ఈయన చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. చాలాసేపు అలాగే. మొదట నాకు నవ్వొచ్చింది. ఇంతదూరం విమానం ఎక్కి వచ్చి ఊరికే కూర్చోవడమా అనుకున్నాను. అప్పుడు మా ఉపాధ్యాయుల వారు చెప్పిన ముక్క గుర్తొచ్చింది. వాయించకూడని చోటు కూడా వాళ్ల కాగితంలో రాసి ఉంటుంది. దానికీ గుర్తులున్నాయి, కొలత ఉంది. ఇన్ని ఆవృతాలు మౌనం అని ఉంటే, ఆ వాద్యగాడు లోపల లెక్కపెడుతూ ఉండాలి. లెక్క తప్పితే పాట తప్పుతుంది. ఆయన ఊరికే కూర్చోలేదు. ఆయన పాటలోనే ఉన్నాడు.

కాసేపటికి మెహతా తల కొంచెం ఎత్తి, ముందరి వాళ్లందరి మీదుగా వెనక్కి, ఆ మనిషి వైపు చూశారు. ఎడమచేయి కొద్దిగా తెరిచారు. ఆ మనిషి పుల్లలు ఎత్తాడు.

నాకు మా అమ్మ ఒళ్లో తెరిచి ఉన్న పాటల పుస్తకం కళ్ల ముందు కనబడింది. సరిగ్గా తిప్పే పేజీలు కనబడ్డాయి. హాలులో జనం మధ్య నేను ఏడ్చాను. పక్కన కూర్చున్న ఆయన నాకు సునామీలో ఎవరో పోయారనుకుని భుజం తట్టారు.

మర్నాడు పొద్దున మామయ్యను వెంటబెట్టుకుని మెరీనాకు వెళ్లాను. రాధాకృష్ణన్ శాలై వెంట తూర్పుకు నడిస్తే మ్యూజిక్ అకాడమీ నుండి సముద్రం ఎంతో దూరం లేదు. జాలరుల గుడిసెల దగ్గర ఒకామె వల బాగు చేస్తోంది. మామయ్య అరవంలో మాట కలిపాడు. నిన్న మీవాళ్ల కోసం పెద్ద కచేరీ జరిగిందని నేను చెప్పించాను. ఆమెకు ఆ సంగతి తెలియదు. ఏమీ అనుకోకుండానే తల ఊపింది. నాకు కొంచెం తల వాలిపోయింది. రాత్రి నేను కార్చిన కన్నీళ్లు అంత బరువైనవేమీ కావనిపించింది.

మేమెక్కడివారమని అడిగింది. 1977 ఉప్పెన సంగతి మామయ్య చెప్పాడు, తన అక్క, అంటే మా అమ్మ, పాపను పోగొట్టుకున్న సంగతి కూడా. ఆమె వల పక్కన పెట్టింది. “ఆ పాప పేరేమిటి?” అని అడిగింది.

మామయ్య నా వైపు చూశాడు, ఇంట్లో ఏమని పిలిచేవారో తనకు తెలుసు గాని గుడిలో పెట్టిన పేరు గుర్తు లేదన్నాడు. నాకు ఏదీ తెలియదు. ఇరవై నాలుగేళ్లవాణ్ణి, రేపో మాపో దుఃఖంలో ఉన్నవారిని ఓదార్చడానికి అభిషేకం పొందబోయేవాణ్ణి, నా అక్క పేరు నాకు తెలియదు. యోబు స్నేహితులు మొదటి ఏడు రోజులు నేల మీద మాటలాడకుండా కూర్చున్నప్పుడే బాగున్నారని తరగతిలో పరీక్షకు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను కూడా.

గురువారం రాత్రి బండెక్కి శుక్రవారం ఇంటికి చేరాను. అమ్మ కాళ్లకు నీళ్లిచ్చింది. కండక్టరును చూశానని చెబితే, “ఏ బస్సులోరా?” అంది. నవ్వుకున్నాం. కర్ర సంగతి, వీపు సంగతి చెప్పాను. డ్రమ్ముల మనిషి సంగతి చెప్పినప్పుడు అమ్మ పని ఆపి విన్నది. “మరి అంతసేపు వాయించకుండా ఉంటే ఆ పెద్దాయన ఏమీ అనలేదా?” అని అడిగింది. అనలేదమ్మా అన్నాను. తర్వాత మెల్లగా, అక్క పేరేమిటమ్మా అని అడిగాను.

చెప్పింది. ఆ పేరు ఇక్కడ రాయను, అది అమ్మది. పేరుతో పాటు ఎన్నో చెప్పింది: పాపకు చింతకాయంటే ఇష్టమని, గుడిలో చప్పట్లు తాళానికి ముందే కొట్టేసేదని, నిద్రపోవాలంటే ఒక్క కీర్తనే పాడాలని, వేరేది పాడితే ఒప్పుకునేది కాదని. ఏ కీర్తనో చెప్పలేదు, నేనూ అడగలేదు.

నాకు సంఘం అప్పగించాక క్వయిరు తగాదా ఒకటి తీర్చవలసి వచ్చింది. హార్మోనియం వారొక జట్టు, కొత్తగా కొన్న కీబోర్డు వారొక జట్టు. ఇద్దరూ సౌండు పెంచడమే పని. నేను చేసింది చిన్న పని. ఒక చరణంలో ఒకరు వాయించకూడదు, చేతులు ఒళ్లో పెట్టుకుని లెక్కపెట్టాలి, తర్వాతి చరణంలో రెండోవారు. నెల రోజులు అలిగారు. ఒకతను పక్క ఊరి సంఘానికి వెళ్లిపోయాడు కూడా. మిగిలినవాళ్లు నేర్చుకున్నారు. ఇప్పుడు క్రిస్మస్‌కు మా పాట వినడానికి కవుతరం నుండి కూడా వస్తారు, అయితే దేవుని కృప ఎంతో, కేకు ఎంతో చెప్పలేను.

అమ్మ గుడిలో ఆ తర్వాత కూడా పాడలేదు. నేను పాడమనలేదు. ప్రతి ఆదివారం పాట మొదలయ్యే ముందు పుల్పిటు దగ్గర నుండి ఆమె వైపు ఒకసారి చూసేవాణ్ణి, అంతే. ఆమె పుస్తకం తెరిచి ఉండేది. 2019లో ప్రభువు పిలుపునందుకునే వరకూ అలాగే జరిగింది.

ఒక్కసారి మాత్రం, మా చిన్నమ్మాయికి ఏడాది నిండని రోజుల్లో, వానాకాలం. పాపకు జ్వరం, రాత్రంతా ఏడుపు. నా భార్య అలసి నిద్రపోయింది. అమ్మ పాపను అందుకుని వసారాలోకి వెళ్లింది. కాసేపటికి ఏడుపు ఆగింది. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. లేచి తలుపు దాకా వెళ్లాను. వాన కింద నుండి, బొంగురుగా, చాలా మెల్లగా ఒక రాగం వినబడుతోంది. మాటలు తెలియడం లేదు. ఒకచోట ఆగి, మళ్లీ మొదటి నుండి ఎత్తుకుంది.

గడియ మీద చెయ్యి వేసి అలాగే నిలబడ్డాను. తలుపు తీయలేదు.